వానలయ్యాక గ్రూపు విచ్చుకుంది, బ్యారెల్ మార్చాలా?

ప్రశ్న: సార్, మాది కావలికి తూర్పున సముద్రం వైపు పల్లె. వయసు 27. లైసెన్సు నా పేరున ఉన్న .22 రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ షూటింగ్ (బోర్లా పడుకుని కాల్చడం) చేస్తున్నాను. ప్రాక్టీసుకి చెన్నైలో ఒక క్లబ్బు రేంజికి వెళ్తుంటాను. రైఫిల్ సెకండ్ హ్యాండ్‌ది, స్టాక్ (బ్యారెల్ కూర్చునే పిడి) చెక్కది. వేసవిలో ఐదు తూటాలు 15 మిల్లీమీటర్లలో పడేవి. నవంబరు నుంచి 30, 35 దాకా విచ్చుకుంటోంది. పైగా గ్రూపు, అంటే టార్గెట్ మీద తూటాలు పడిన గుంపు, మొత్తం పైకి, ఎడమకి జరిగింది. బ్యారెల్ అయిపోయింది, కొత్తది వేయించి, ట్రిగ్గర్ మార్చి, మంచి స్కోప్ పెట్టించుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. అప్పు చేసైనా చేయించాలా? మా సరుగుడు తోటలోనే టెస్ట్ చేసుకోవచ్చా? ఇంకో సంగతి, ఉదయగిరి దగ్గర మా మావయ్య పేరున తాతగారి నాటి .315 రైఫిల్ ఉంది. అడవి పందులు చేనంతా పాడుచేస్తున్నాయి. దాన్ని 300 మీటర్లకి గురి కుదిరేలా చేయించవచ్చా?

జవాబు: అప్పు చేయకండి. బ్యారెల్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. .22లో వాడేది మెత్తని సీసం గుండు. తుప్పు పట్టనిస్తేనో, క్లీనింగ్ రాడ్‌తో గీరేస్తేనో తప్ప వేల కొద్దీ తూటాలు కాల్చినా ఆ బ్యారెల్ గురి తప్పదు. మే నెలలో బాగున్నది నవంబరుకి ఉన్నట్టుండి అరిగిపోదు. ఈ మధ్యలో మారింది వాతావరణం. కాబట్టి ముందు దేని మీద తేమ పనిచేసింది, దేని మీద గాలి పనిచేసింది అన్నది విడదీయాలి. దీనికి డబ్బు ఖర్చు పెద్దగా ఉండదు, ఓపిక మాత్రం కావాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక కాల్చి చూడాలి, కాగితం మీద రాసుకోవాలి. బ్యారెల్, ట్రిగ్గర్, స్కోప్ మూడూ ఒకేసారి మార్చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో మీకు ఎప్పటికీ తెలియదు.

మొదట మీ 15 మిల్లీమీటర్ల సంగతి. 50 మీటర్ల టార్గెట్ మీద పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. గుండు అంచు గీతను తాకినా పదే ఇస్తారు. గుండు వ్యాసం 5.6. రెండూ కలిపితే, రంధ్రాల నడిమి నుంచి నడిమికి కొలిచినప్పుడు 16 మిల్లీమీటర్లలోపు గ్రూపు మధ్యలో పడితే అన్నీ పదులే. అంటే వేసవిలో మీ రైఫిల్, మీరు, మీ తూటా కలిసి పదులు కొట్టగలిగే స్థితిలోనే ఉన్నారు. ఆ రైఫిల్‌ని పక్కన పెట్టాల్సిన పని నాకు కనిపించడం లేదు.

ఇప్పుడు గాలి. పైకి, ఎడమకి జరిగింది అన్నారు చూడండి, ఆ మాట దగ్గర నేను ఆగాను. .22 బ్యారెల్ లోపల గుండుని తిప్పే మెలి గాడులు మామూలుగా కుడివైపు తిరిగి ఉంటాయి. అలా తిరుగుతూ వెళ్ళే గుండుకి కుడి నుంచి గాలి తగిలితే అది ఎడమకి మాత్రమే పోదు, కాస్త పైకి కూడా లేస్తుంది. ఎడమ నుంచి తగిలితే కుడికి, కాస్త కిందికి పోతుంది. గడియారం ముఖం మీద చెప్పుకుంటే 10 నుంచి 4 వైపుకి ఏటవాలు గీత. ఇక దిక్కులు చూడండి. ఎండ షూటర్ కళ్ళలో పడకుండా బయటి రేంజిలను మన వైపు చాలావరకు ఉత్తరం ముఖంగా కడతారు. మీ క్లబ్బు రేంజి కూడా అలాగే ఉంటే, నవంబరులో వీచే ఈశాన్య గాలి మీకు కుడిచేతి ముందువైపు నుంచి వస్తుంది. వేసవిలో పొద్దున పూట పడమటి గాలికి సైటు (గురి చూసే పరికరం) సరిచేసుకుని ఉంటే, అప్పుడు ఎడమ నుంచి వచ్చే గాలికి సరిపోయేలా తిప్పిన సైటుతో ఇప్పుడు కుడిగాలిలో కాలుస్తున్నారన్నమాట. తేడా రెండింతలై కనిపిస్తుంది.

ఎంత తేడా అంటారా? సెకనుకు 2 మీటర్ల పక్కగాలి చెంపకి తగిలితే తెలుస్తుంది, అంతకుమించి దాన్ని ఎవరూ పట్టించుకోరు. అంతపాటి గాలే 50 మీటర్లలో .22 గుండుని సుమారు 10 మిల్లీమీటర్లు పక్కకి నెడుతుంది. టార్గెట్ మీద రింగుకీ రింగుకీ మధ్య 8 మిల్లీమీటర్లే. అంటే గాలి ఒకసారి వీచి, ఒకసారి ఆగిందంటే చాలు, మిగతావన్నీ సరిగ్గా ఉన్నా పది కాస్తా తొమ్మిది అవుతుంది. దూరం రెట్టింపైతే గాలి తోపు రెట్టింపుతో ఆగదు, సుమారు నాలుగింతలవుతుంది. 100 మీటర్లలో .22 కాల్చేవాళ్ళకి గాలే పెద్ద పరీక్ష.

అందుకని వచ్చేసారి రేంజికి వెళ్ళినప్పుడు తెల్లవారుతూనే, సముద్రపు గాలి లేవకముందే కాల్చండి. పోటీల్లో 50 మీటర్ల రేంజి మీద 10 మీటర్ల దగ్గర ఒకటి, 30 మీటర్ల దగ్గర ఒకటి గాలి జెండాలు పెడతారు. మీరు పల్చటి గుడ్డపేలికలు కట్టుకున్నా పని జరుగుతుంది, క్లబ్బు వాళ్ళని అడిగి పెట్టించుకోండి. రెండూ వేలాడుతూ నిలబడి ఉన్నప్పుడు మాత్రమే కాల్చండి. గాలి లేనప్పుడు గ్రూపు తిరిగి మధ్యకి వచ్చి చిన్నదైతే రైఫిల్‌కి ఏమీ కాలేదు, మీరు గాలి చదవడం నేర్చుకోవాలి. గాలి లేకపోయినా పైకి, ఎడమకే పడుతుంటే, అప్పుడు చెక్క మీద అనుమానపడాలి.

ఆ అనుమానానికి గట్టి కారణమే ఉంది. మీ ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు, ఉప్పుగాలి. పొగాకు ఆకు రాత్రి మంచుకి పదునుకొచ్చి మెత్తబడినట్టే రైఫిల్ చెక్క కూడా తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, వంగుతుంది. పైన పాలిష్ మెరుస్తున్నా, లోపల ఇనుము కూర్చునే గాడిలో చాలా పాత స్టాకులకి రంగు, నూనె ఏవీ ఉండవు. అక్కడి నుంచే తేమ ఎక్కుతుంది. ఉబ్బిన ముందుచెక్క కిందినుంచి, కుడివైపు నుంచి బ్యారెల్‌ని ఆనుకుంటే దాన్ని పైకి, ఎడమకి నెడుతుంది. మీరు చెప్పిన లక్షణం దీనికీ సరిపోతుంది. అందుకే గాలి లేని పొద్దున ఒకసారి కాల్చి చూడకుండా ఏదీ తేల్చలేం.

చెక్కని పరీక్షించే పద్ధతి చెబుతాను. ముందుగా మ్యాగజైన్ తీసేసి, బోల్ట్ (తూటాని వెనకనుంచి మూసే కడ్డీ) బయటికి లాగి, బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో ఏమీ లేదని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. ఇది ప్రతిసారీ చేయాలి. తర్వాత ఒక పది రూపాయల నోటుని బ్యారెల్‌కీ ముందుచెక్కకీ మధ్య పెట్టి, రెండు కొనలూ పట్టుకుని వెనక్కి జరపండి. బ్యారెల్ చెక్కకి తగలకుండా తేలి ఉండేలా చేసిన రైఫిల్ అయితే నోటు యాక్షన్ (బోల్ట్ కదిలే ఇనుప భాగం) దాకా సాఫీగా పోవాలి. ఎక్కడ పట్టుకుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు ప్రోన్ కాలుస్తారు కదా, స్లింగ్ (రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీ) తగిలించుకుని, కాల్చేటప్పుడు ఎంత బిగువుగా లాగుతారో అంత బిగించి, నోటుని ఇంకొకరిచేత జరిపించండి. బల్ల మీద సాఫీగా పోయిన నోటు స్లింగ్ బిగువుకి చిక్కుకుపోవడం చాలా రైఫిళ్ళలో చూశాను. స్లింగ్ చెక్కని లాగుతుంది, చెక్క వంగి బ్యారెల్‌ని ముట్టుకుంటుంది. ఒక తూటాకి ఇంత బిగువు, ఇంకో తూటాకి ఇంకొంత అయితే గ్రూపు విచ్చుకోక ఏమవుతుంది? కొన్ని మోడళ్ళలో మాత్రం ముందుచెక్క చివర కావాలనే ఒకచోట బ్యారెల్‌కి ఆనిస్తారు. మీది ఆ రకమా కాదా అన్నది మాన్యువల్‌లో చూసి కానీ, అదే మోడల్ ఉన్నవాళ్ళని అడిగి కానీ తెలుసుకోండి. తెలియకుండా గీకేయొద్దు.

రెండోది, యాక్షన్‌ని స్టాక్‌కి పట్టి ఉంచే స్క్రూలు. చెక్క ఉబ్బి, మళ్ళీ ఆరి, నలిగినప్పుడు ఇవి వదులవుతాయి. రైఫిల్‌ని మెత్తటి గుడ్డ మీద నిలకడగా పెట్టి, ఎడమచేతి చూపుడువేలి కొనని బ్యారెల్, ముందుచెక్క కలిసే అంచు మీద, రెండింటికీ తగిలేలా ఉంచండి. కుడిచేత్తో వెనక స్క్రూని కొద్దికొద్దిగా వదులు చేసి, మళ్ళీ బిగించండి. వేలి కింద బ్యారెల్ కదిలినట్టు తెలిస్తే యాక్షన్ తన గాడిలో సమంగా కూర్చోలేదని అర్థం. స్క్రూ బిగించినప్పుడల్లా ఇనుము వంగుతోంది. మన వేలికొన చాలా చిన్న కదలికని కూడా పసిగడుతుంది, దీనికి ఏ మీటరూ అక్కర్లేదు. కదలిక లేకపోతే మంచిదే. కంపెనీ చెప్పిన బిగువుకి టార్క్ డ్రైవర్‌తో బిగించి, స్క్రూ తల మీదుగా ఇనుము మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నని గీత గీయండి. ఇకమీదట స్క్రూ కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. వెనక సైటు, ముందు సైటు స్క్రూలకి కూడా ఇదే చేయండి. స్క్రూ గాడికి సరిపోని స్క్రూడ్రైవర్ వాడి తలలు పాడుచేసుకోకండి.

కదలిక తెలిసిందంటే బెడ్డింగ్ చేయించాలి. అంటే యాక్షన్ కూర్చునే గాడిలో గట్టిపడే ఎపాక్సీ పోసి, ఇనుముకీ చెక్కకీ మధ్య సందు లేకుండా కూర్చోబెట్టడం. లైసెన్సు ఉన్న తుపాకీ మెకానిక్ దగ్గరే చేయించండి. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకునేవాళ్ళున్నారు. ఎపాక్సీ పోయకూడని చోటికి కారి యాక్షన్ స్టాక్‌కి అతుక్కుపోతే ఇక రైఫిల్ మొత్తం పోయినట్టే. అదే పనిలో గాడి లోపలివైపు, బట్ ప్లేట్ కింద, స్క్రూ రంధ్రాల్లో చెక్కకి సీల్ వేయమని అడగండి. వచ్చే ఏడు వానల్లో ఈ బాధ ఉండదు. మీరు అప్పు చేద్దామనుకున్న మొత్తంలో ఇది చిన్న ముక్క.

సముద్రం పక్క ఊరు కాబట్టి తుప్పు గురించి గట్టిగా చెప్పాలి. రైఫిల్‌ని ఫోమ్ కేసులోనో, తోలు కవరులోనో మూసి బీరువాలో పెట్టేస్తే ఆ ఫోమ్ తేమని పట్టి ఉంచి ఇనుముకి అంటిస్తుంది. ప్రయాణానికి కేసు వాడండి, ఇంటికి రాగానే బయటికి తీసి పల్చగా నూనె రాసి, సిలికా జెల్ పెట్టి తాళం వేసే పెట్టెలో నిలబెట్టండి. కాల్చబోయే రోజు బ్యారెల్ లోపల ఆ నూనె ఉండకూడదు. పొడి గుడ్డ ముక్క ఒకటి రెండుసార్లు తోసి తీసేయండి. నూనె ఉన్న బ్యారెల్ మొదటి తూటాలని ఇష్టం వచ్చినచోట వేస్తుంది.

క్లీనింగ్ ఎప్పుడూ వెనకనుంచే, బోర్ గైడ్ (రాడ్ పక్కలకి తగలకుండా నడిపే గొట్టం) పెట్టి, ఒకే ముక్క రాడ్‌తో చేయండి. మూతి వైపు నుంచి రాడ్ దూర్చేవాళ్ళు మూతి అంచుని, దాన్నే క్రౌన్ అంటాం, తెలియకుండా గీరేస్తారు. గుండు చివరగా వదిలి వెళ్ళేది ఆ అంచునే. ఒక పక్క చిన్న గంటు ఉన్నా వెనకనుంచి వచ్చే గ్యాస్ అటువైపు ముందుగా తప్పించుకుని గుండుని తిప్పేస్తుంది. మీ రైఫిల్ సెకండ్ హ్యాండ్‌ది కాబట్టి ఇది తప్పక చూడండి. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్ల ఒకటి తీసుకుని, బోల్ట్ తీసేసిన రైఫిల్ మూతి లోపల కొద్దిగా పెట్టి, అంచుమీదుగా బయటికి లాగండి. అంచు చుట్టూ అలాగే అన్ని వైపులా లాగండి. దూది పోగు ఎక్కడైనా పట్టుకుని నిలిచిందా? పట్టుకున్నచోట గంటు ఉంది. క్రౌన్ తిరిగి సరిచేయడం మెకానిక్‌కి చిన్న పనే, బ్యారెల్ మార్చనక్కర్లేదు. బ్యారెల్‌ని కోయడం, పొట్టి చేయడం లాంటివి మాత్రం సొంతంగా చేయడానికి ఆయుధాల చట్టం, 1959 ఒప్పుకోదు.

ఇప్పుడు తూటాల దగ్గరికి వద్దాం. మీరు ఉత్తరంలో తూటా గురించి ఒక్క మాటా రాయలేదు. నాకు అదే ఆశ్చర్యం. .22 గురిలో అన్నిటికంటే ఎక్కువ తేడా చూపేది ఇదే. మే నెలలో ఏ పెట్టె కాల్చారు, నవంబరులో ఏ పెట్టె? కంపెనీ అదే కావచ్చు, పేరు అదే కావచ్చు, లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు) అదేనా? ఒకే పేరుతో వచ్చే రెండు లాట్లు ఒకే రైఫిల్‌లో రెండు రకాలుగా పడతాయి. మందు కొలతలో, గుండు అంచులో, మైనం పూతలో కంటికి కనిపించని తేడాలుంటాయి. ఒక రైఫిల్‌కి నచ్చిన లాట్ పక్కవాడి రైఫిల్‌కి నచ్చకపోవచ్చు. అందుకని క్లబ్బులో నలుగురు కలిసి తలా ఒక లాట్ తెచ్చుకుని, కొంచెం కొంచెం పంచుకుని టెస్ట్ చేసుకోవడం మంచి పద్ధతి. ఎవరి తూటాలు ఎవరి లైసెన్సు లెక్కలో ఉన్నాయో క్లబ్బు రిజిస్టరులో రాయించుకునే చేయండి.

టెస్ట్ చేసేటప్పుడు ఇసుకమూట మీద ఆనించి కాల్చండి, మీ చేతి వణుకు లెక్కలోకి రాకుండా. ఒక రకం తూటా నుంచి ఇంకో రకానికి మారితే మైనం పూత మారుతుంది, బ్యారెల్ దానికి అలవాటుపడాలి. మొదటి 15, 20 తూటాలు లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత ఐదేసి తూటాల గ్రూపులు ఒక్కో లాట్‌కి నాలుగైదు కాల్చండి. అన్నిటినీ కొలిచి సగటు తీయండి. బాగా వచ్చిన ఒక్క గ్రూపుని ఫోన్‌లో ఫొటో తీసుకుని మిగతావి చించేయడం మనందరికీ సరదాయే, కానీ ఆ ఫొటో మీ రైఫిల్ గురించి ఏమీ చెప్పదు. మూడు తూటాల గ్రూపు అసలే నమ్మొద్దు. మూడు తూటాలు అదృష్టం కొద్దీ ఒకే రంధ్రంలో పడతాయి, నాలుగోది, ఐదోది అసలు సంగతి బయటపెడతాయి. నచ్చిన లాట్ దొరికాక లైసెన్సు అనుమతించినంత మేరకు అదే లాట్ తీసిపెట్టుకోండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో తూటాలు పెట్టకండి. వేడికి మందు మండే తీరు మారుతుంది, మైనం మెత్తబడుతుంది.

ఎక్కువ వేగం అని పెట్టె మీద రాసిన తూటాలు గురికి మంచివని అనుకోకండి. మ్యాచ్ తూటాలు సెకనుకు సుమారు 320, 330 మీటర్ల వేగంతో బయల్దేరతాయి. 20 డిగ్రీల దగ్గర శబ్ద వేగం 343 మీటర్లు. ఆ గుండు మొదటినుంచి చివరిదాకా శబ్ద వేగానికి లోపలే ప్రయాణిస్తుంది. హై వెలాసిటీ గుండు శబ్దాన్ని దాటి బయల్దేరి, దారిలో మళ్ళీ ఆ వేగం కిందికి దిగుతుంది. దిగేచోట దానికి కుదుపు తగులుతుంది. పైగా అంత వేగంగా బయల్దేరినా పక్కగాలికి ఇదే ఎక్కువ కొట్టుకుపోతుంది, ఎందుకంటే దారిలో ఎక్కువ వేగం పోగొట్టుకునేది ఇదే. విదేశీ వీడియోల్లో తూటాలు ఇంట్లోనే నింపుకుని గ్రూపు బిగించే పద్ధతులు చూపిస్తారు. అవి పెద్ద రైఫిళ్ళ సంగతి. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం మన దగ్గర నేరం. ఆ వీడియోలు మీకు పనికిరావు.

ట్రిగ్గర్ గురించి ఎక్కువ చెప్పను. మాన్యువల్‌లో చెప్పిన స్క్రూలు, చెప్పిన మేరకే తిప్పండి. లోపలి కొక్కేన్ని ఆకురాయితో రుద్దించుకుంటే బోల్ట్ మూసిన దెబ్బకే పేలే ప్రమాదం ఉంది.

స్కోప్ అసలు వద్దు. మీరు పోటీలకి వెళ్ళేవారైతే 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో స్కోప్‌కి అనుమతి లేదు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటుతోనే కాల్చాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలె 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో 451.4 స్కోరుతో కాంస్యం తెచ్చింది అలాంటి సైటుతోనే. ఆ ఈవెంట్‌లో నీలింగ్, ప్రోన్, స్టాండింగ్ మూడూ ఉంటాయి, ఆ నిలకడ ముందు సామాను చాలా చిన్న విషయం. సరదాకి స్కోప్‌తో కాల్చే ఫ్రెండ్స్‌కి ఒక్క మాట చెప్పండి: రైఫిల్‌ని కదలకుండా పెట్టి, ముట్టుకోకుండా, తల మాత్రం అటూ ఇటూ కదిలించి చూడమనండి. లోపలి గీతలు టార్గెట్ మీద పాకుతున్నట్టు కనిపిస్తే ఆ స్కోప్‌కి ఆ దూరంలో పారలాక్స్ ఉంది. చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనకపోతే ఎంత ఖరీదైన స్కోపైనా గ్రూపు విప్పుతుంది.

ఇక మీరు. ఇసుకమూట మీద గ్రూపు బాగుండి, స్లింగ్‌తో విచ్చుకుంటే, అదీ నోటు పరీక్షలో చెక్క తగలకపోతే, అప్పుడు మీ పొజిషన్‌నే చూడాలి. గురిపెట్టి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు మామూలుగా ఊపిరి తీసి వదిలి, కళ్ళు తెరవండి. సైటు టార్గెట్ మీద లేకపోతే చేతులతో లాగి తేవద్దు, మోచేయి అక్కడే ఉంచి నడుము, కాళ్ళు జరుపుకోండి. లాగి తెచ్చిన గురి తూటా పేలగానే ఉన్న చోటికే తిరిగిపోతుంది, గుండు ఇంకా బ్యారెల్‌లోనే ఉండగా. ఊపిరి వదిలాక వచ్చే సహజమైన విరామంలో, ఏడెనిమిది సెకన్లలోపు ట్రిగ్గర్ పడకపోతే దించేసి మళ్ళీ మొదలుపెట్టండి. పేలాక కూడా ఒక క్షణం సైటులోంచి చూస్తూనే ఉండండి. ఇంట్లో గోడ మీద నల్ల చుక్క పెట్టుకుని తూటా లేకుండా రోజూ కాసేపు ఇది చేయండి. కొన్ని .22 రైఫిళ్ళలో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే పిన్ను గది అంచుకి తగిలి దెబ్బతింటుంది, అందుకని ప్లాస్టిక్ స్నాప్ క్యాప్ (ఉత్తుత్తి తూటా) వేసుకోండి. నాకు తెలిసిన మంచి షూటర్లంతా రేంజి మీద కంటే ఇలా గోడముందే ఎక్కువ నేర్చుకున్నారు.

సరుగుడు తోటలో కాల్చుకోవడం గురించి అడిగారు. వద్దు. .22 పెట్టెల మీద ఒకటిన్నర మైలు దాకా ప్రమాదం అని హెచ్చరిక ఉంటుంది, అది ఊరికే రాసింది కాదు. తోట అవతల దారి ఉంటుంది, దారి మీద మనుషులుంటారు, ఒడ్డున వలలు సర్దుకునేవాళ్ళుంటారు. సరుగుడు మాను గుండుని ఆపదు, పక్కకి మళ్ళిస్తుంది. వెనక మట్టిగట్టు ఉన్న, అనుమతి ఉన్న రేంజిలోనే కాల్చండి. ఊళ్ళో చేతులు ఊరుకోకపోతే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ తీసుకోండి. .177 బోరు, 20 జౌల్స్ మించని శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు, గోడ కట్టిన వరండాలో పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లని ఆపే పెట్టె) పెట్టుకుని ఇంట్లోవాళ్ళకి చెప్పి కాల్చుకోవచ్చు. అక్కడ పది అంటే అర మిల్లీమీటరు చుక్క. ప్రోన్ గ్రూపు బాగుపడటానికి దీన్ని మించిన ప్రాక్టీసు నాకు తెలియదు.

మీ మావయ్యగారి .315 సంగతి వేరుగా చూడాలి. ఇది మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల రైఫిల్, లీ ఎన్‌ఫీల్డ్ తరహా బోల్ట్, 8 మిల్లీమీటర్ల బరువైన గుండు, తెరిచి ఉండే ఇనుప సైట్లు. దగ్గరి దూరాలకి చేసినది. 100 మీటర్లకి సైటు కుదిర్చి 300 మీటర్లలో కాలిస్తే గుండు బాగా కిందికి దిగిపోతుంది. ఆ సైట్ల ముందు గింజ ఆ దూరంలో టార్గెట్‌ని పూర్తిగా కప్పేస్తుంది. దానికి రంధ్రాలు వేయించి స్కోప్ పెట్టించినా 300 మీటర్ల పోటీ రైఫిల్ అవ్వదు. మావయ్యగారు దాన్ని తుప్పు పట్టకుండా, స్క్రూలు బిగువుగా, మూతి అంచు బాగుండేలా ఉంచుకుంటే చాలు. లైసెన్సులో మీ పేరు లేనప్పుడు ఆ రైఫిల్ మీరు కాల్చకూడదు, ఆయన పక్కనే ఉన్నా సరే.

పందుల బాధ నాకు తెలియనిది కాదు. వేరుశనగ, మొక్కజొన్న వేసిన చేలో ఒక్క రాత్రిలో ఎంత పోతుందో ఆ కొండపక్క రైతులని అడిగితే చెబుతారు. అయినా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి జంతువుని వేటాడటం నేరం. పంటకి ప్రమాదంగా మారిన జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం లేకుండా పంట రక్షణ లైసెన్సు ఉందని చెప్పి కాలిస్తే రైఫిల్ పోతుంది, మావయ్యగారి మీద కేసు పడుతుంది. నష్టపోయిన చేను ఫొటోలు, సర్వే నంబరు, తేదీలు పెట్టి అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇవ్వమనండి, రసీదు తీసుకోమనండి. ఒకవేళ అనుమతి వచ్చినా 300 మీటర్ల నుంచి, మసక చీకట్లో, కదిలే జంతువు మీద కాల్చడం తప్పు. గాయపడి పొదల్లో దూరిన పంది తెల్లారి కట్టెలకి వెళ్ళే మనిషి మీదికి వస్తుంది. సోలార్ కంచె వేయించుకునే ఆలోచన చేయమనండి. లైన్ నుంచి కరెంటు తీగ లాగి చేను చుట్టూ కట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయనీయకండి. దానికి పందులకంటే ముందు మనుషులు పోతున్నారు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. కావలి నుంచి చెన్నైకి రైఫిల్ తీసుకెళ్తున్నారు కదా, మీ లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం అన్నచోట ఏం రాసుందో ఈ రోజే చూడండి. మన రాష్ట్రం వరకే అని ఉంటే సరిహద్దు దాటే హక్కు ఆ కాగితం ఇవ్వదు. క్లబ్బు సభ్యత్వ పత్రం, పోటీల వివరాలు జతచేసి ప్రాంతం పొడిగించమని లైసెన్సు ఇచ్చిన ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చేదాకా గోడముందు ప్రాక్టీసు చేయండి, నోటు పరీక్ష, వేలి పరీక్ష, దూది పరీక్ష ఇంట్లోనే ముగించండి. ఆ తర్వాత గాలి లేని పొద్దున ఇసుకమూట మీద కాల్చిన గ్రూపులు కొన్ని, స్లింగ్‌తో కాల్చినవి కొన్ని, ఒక్కోదాని మీద తూటా లాట్ నంబరు, టైము, గాలి ఏ వైపు ఉందో రాసి ఆ టార్గెట్లు నాకు పంపండి. ఏవీ ఏరి తీసేయకుండా అన్నీ పంపండి.